ఊసరవెల్లి అసలు రంగు

ఊసరవెల్లి అసలు రంగేమిటో మీలో ఎవరైనా చెప్పగలరా? తొందరపడకండి, తప్పు చెబితే కుంచెలు పొయ్యిలోకి పోతాయి!

నాంచారికి వచ్చిన చిక్కు అదే. తొండల్నీ మిడతల్నీ గొంగళిపురుగుల్నీ గోడమీద గీసిందంటే, కోళ్లు వచ్చి పొడిచేవి. ఆ బొమ్మలు చూసి రాజుగారు ఆమెకు కొలువిస్తానన్నారు. మంత్రి మార్తాండప్పకు అది గిట్టలేదు. "ముందు ఊసరవెల్లిని దాని అసలు రంగులో గీయమనండి ప్రభూ!" అని మెలిక పెట్టాడు.

ఆమె పచ్చగా గీస్తే, "నిన్న ఎర్రగా చూశానే!" అన్నాడు. ఎర్రగా గీస్తే, "పొద్దున మట్టిరంగులో ఉందే!" అని మీసం దువ్వాడు. "రేపే ఆఖరు. ఈసారీ తప్పితే కొలువూ లేదు, నీ కుంచెలన్నీ వంటశాల పొయ్యిలోకే!"

మర్నాడు నాంచారి ఓ మందపాటి కాగితం తెచ్చింది. దాని నడుమ ఊసరవెల్లి ఆకారంలో కత్తిరించిన కన్నం తప్ప మరేమీ లేదు.

"రంగేదే?" గద్దించాడు మంత్రి.

"దేనిమీదుంటే దాని రంగే కదా అయ్యగారూ!" అంటూ ఆమె కాగితాన్ని తమలపాకులమీద పెట్టింది. ఊసరవెల్లి పచ్చబడింది. రాజుగారి శాలువామీద పెడితే ఎర్రబడింది.

"మోసం! ఇలా తే!" మార్తాండప్ప కాగితం లాక్కుని కన్నంలోంచి తొంగిచూశాడు. ఎదురుగా ఉన్న రాజుగారికి ఊసరవెల్లి నిండా మంత్రి మొహమే కనిపించింది, తోకలో మీసం కొసతో సహా.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "భేష్ నాంచారీ! అసలు రంగు ఇప్పుడు బయటపడింది. రేపట్నుంచే కొలువులో చేరు!"

మీ పనికి రోజుకో వంక పెట్టేవాడు మీకూ ఉన్నాడా? వాదన దండగ. ఇప్పుడే కత్తెర తీసి, కాగితానికి కన్నం చేసి, అతని చేతికివ్వండి!