పుస్తకంలో ఊ కొట్టిన పైడమ్మ

అనగా అనగా, చెప్పేవాళ్ళకి పళ్ళూ వినేవాళ్ళకి ఓపికా ఉన్న కాలంలో, ఆషాఢ శుద్ధ పంచమి, గురువారం నాడు, లోవకొండ దివాణానికి అచ్చుయంత్రం వచ్చింది. సంవత్సరం ఏదంటే అరవైలో ఏదో ఒకటి. తిథీ వారమూ మాత్రం ఖాయం. ఆనాటి వానా ఎండా కూడా ఖాయమే. పొద్దున్న తుంపర, మధ్యాహ్నం కుండపోత, పొద్దు వాలేసరికి వాన వెలిసి ఒళ్ళంతా జిడ్డుకారే ఉక్క. యంత్రం తెచ్చిన బండి సింహద్వారం ముందే ఇరుసుదాకా బురదలో దిగబడింది. ఎద్దుల్ని అదిలించారు, కదల్లేదు. కొబ్బరికాయ కొట్టారు, కదల్లేదు. దివాణం లెక్కలు చూసే పేష్కారు జగ్గారాయుడుగారు ఇంటిపేరుతో సహా తిట్టారు, అయినా కదల్లేదు. చివరికి వంటవాళ్ళూ, దాసీలూ, పశువులకాపర్లూ అందరూ భుజం పట్టి తోస్తే కదిలింది. తోసినవాళ్ళలో పైడమ్మ ఒకతె.

పైడమ్మ ఎవరంటే, ఆ దివాణంలో ఊ కొట్టే మనిషి.

ఇదేం ఉద్యోగమని నవ్వకండి. కథ చెప్పేవాళ్ళకి ఎదురుగా ఒకరు కూచుని ఊ కొట్టాలి. ఊ లేకపోతే కథ నడవదు, గాలాడని కొలిమిలా చల్లారిపోతుంది. దివాణంలో ముసలి రాణీగారు దీపాలు పెట్టే వేళకి మనవల్ని చుట్టూ కూచోబెట్టుకుని కథ చెప్పేవారు. పిల్లలు సగంలోనే నిద్రపోయేవారు. రాణీగారికి సగంలో ఆపడం ఇష్టం లేదు. అందుకని నీళ్ళు మోసే పైడమ్మని పిలిచి, "ఏమే పైడీ, వీళ్ళు పడుకున్నా నువ్వు ఊ కొట్టు" అన్నారు. నాటినుంచీ ఆమెకదే పని. పగలు నీళ్ళు మోసేది, సందెవేళ ఊ కొట్టేది.

పైడమ్మకి పెళ్ళీ పెటాకులూ లేవు, నా అన్నవాళ్ళు లేరు. ఆ సందెవేళ అరుగు, ఒళ్ళో తలపెట్టి పడుకునే పిల్లలు, చెవిలో కథ, నోట్లో ఊ. అదే ఆమె సంసారం.

ఆమె ఊలో ఒక చిత్రం ఉంది. అది ఆమె చెప్పినమాట వినేది కాదు. కథ బాగుంటే దానంతటదే వచ్చేది. బాగుండకపోతే, పొగిడినా రాదు, బెదిరించినా రాదు.

అంతవరకూ పిల్లలకంటూ వేరే పుస్తకాలు లేవు. చెప్పుకునే కథలు నోట్లో ఉండేవి. రాసిన పుస్తకాలు పెద్దలవి. నాన్న చొక్కా కొడుక్కి తొడిగి చేతులు మడిచినట్టు, ఆ పుస్తకాలే పిల్లలకి తొడిగేవారు. కొందరికి మోకాళ్ళ దాకా వచ్చేవి, కొందరు అందులో మునిగిపోయేవారు. కాస్త ఎదిగిన పిల్లలు పెద్దలకి తెలీకుండా ఆ పుస్తకాలు పట్టుకుపోయి ధాన్యపు గాదెలో దూరి చదివేవారు. దొరికితే వీపు విమానం మోతే. దొరక్కపోతే సగం అర్థమై, సగం అర్థంగాక, బయటికి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉండేది. అది ఉక్కవల్లో పుస్తకంవల్లో ఎవరూ అడిగేవారు కారు.

సరే, యంత్రం సంగతి. అది శిస్తు రశీదులు అచ్చు వెయ్యడానికి వచ్చింది. అప్పటికి రాణీగారికి ఆయాసం ముదిరింది. రెండు మాటలు చెబితే మూడోది గొంతులో ఆగిపోతోంది. ఆవిడ యంత్రాన్ని చూసి, "రశీదులు తరవాత. నేను పోతే నా మనవలకి కథలెవరు చెబుతారు? ముందు దీంట్లో పిల్లల పుస్తకం వెయ్యండి. దసరాకి నా చేతిలో ఉండాలి" అన్నారు.

రాయడానికి చయనులుగార్ని పిలిపించారు. ఆయన దివాణం పండితుడు. అచ్చు కూర్చడానికి గవరయ్య అనేవాడు వచ్చాడు. వాడి చెయ్యి చురుకు, బుర్ర తిన్నన. అంతకుముందు పనిచేసిన చోట సొంత తెలివి ఉపయోగించి ఒక పెళ్ళిపత్రికలో వరుడి పేరు మార్చేశాడట. అందుకని చయనులుగారు మొదటే చెప్పారు: "చూడు నాయనా, నీ తెలివి నీ దగ్గరుంచుకో. నేను చెబుతుంటే నువ్వు రాసుకో. వినపడ్డది వినపడ్డట్టు రాయి. రాసింది రాసినట్టు కూర్చు."

"చిత్తం" అన్నాడు గవరయ్య.

ఆ సాయంత్రమే పేష్కారుగారు పైడమ్మకి నూతి దగ్గర ఎదురయ్యారు.

"ఒసేయ్ పైడీ, నీ కొలువు తీరిపోయిందే. పుస్తకం వస్తోంది. పుస్తకానికి ఊ కొట్టక్కర్లేదు. దసరా మర్నాడు మూట కట్టుకుని కొండవతల చింతతోపుకి కాపలా పో. అక్కడ కోతులున్నాయి. వాటికి కొట్టుకో ఊ."

"బాబూ, నీల్లెవులు మోత్తారు?"

"నీళ్ళు మొయ్యడానికి మనుషులే లేరనుకున్నావా?"

పైడమ్మ చేద తోడి పోస్తూనే ఉంది. బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

మర్నాడు చయనులుగారు గొంతు సవరించుకుని మొదలెట్టబోయారు. మాట రాలేదు. ఎంత పండితుడైనా ఆయన్నీ ఎవరో అమ్మమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకునే పెంచింది. ఎదురుగా ఊ లేకపోతే ఆయనకీ కథ నడవదు. గవరయ్యని ఊ కొట్టమంటే వాడి నోటినిండా తాంబూలం. "ఆ పైడిని పిలవండి" అన్నారు. తన కొంప కూల్చే పుస్తకానికి తనే ఊ కొట్టాల్సి వచ్చింది పైడమ్మకి.

మొదటి కథ ఎత్తుకున్నారు. "అనంతవిహాయసవీథీవిహరణనిపుణంబగు నొక్క వాయసంబు..."

పైడమ్మ చెవులు రిక్కించింది. ఒక ఊ వచ్చింది. రెండోది సగం వచ్చింది. మూడోది రాలేదు, గురక వచ్చింది.

"ఏమే! కథ చెబుతుంటే నిద్రేమిటే?"

"మరేటి సెయ్యను బాబూ! మీరు కాకి అని ఒక్కసారంటే ఎగిరేదాన్ని. నా రెక్కలకి రాయి కట్టీసినారు."

చయనులుగారు మూడు రోజులు అలిగి, నాలుగో రోజు కాకిని కాకి అన్నారు.

రెండో కథ చక్కగా నడిచింది. నక్క వచ్చింది, ఊఁ. నక్క నూతిలో పడింది, ఊఁ. అప్పుడు చయనులుగారు వేలెత్తి, "కావున బాలలారా, దీనివలన మనము గ్రహింపవలసిన నీతి యేమనగా..." అన్నారు. వెనక నిలబడ్డ పేష్కారుగారు "అదీ! అదే కావాలి!" అన్నారు. ఇలా చూసేసరికి పైడమ్మ లేదు. పెరట్లో అంట్లు తోముతోంది.

"ఇంకా అవలేదే!" అని కేకేశారు చయనులుగారు.

"అయిపోనాది గదా బాబూ! నక్క నూతిలో పడిపోనాది. మీరింక ఎవుల్తో మాటాడతన్నారో అని లెగిసి వచ్చీసినాను."

చయనులుగారికి కోపం వచ్చింది. తరవాత నవ్వు వచ్చింది. ఆ రెండూ తగ్గాక ఆలోచన వచ్చింది. నీతి చెప్పిన కథ తనకి చిన్నప్పుడు ఒక్కటైనా గుర్తుందా? లేదు. గుర్తున్నది ఒక్కటే, అమ్మమ్మ చెప్పిన దొంగ కథ. గవరయ్యచేత నక్క కథలో నీతి కొట్టేయించి, మర్నాడు ఆ దొంగ కథ చెబుదామనుకున్నారు.

ఆ రాత్రంతా పైడమ్మకి చింతతోపే కళ్ళముందు కనిపించింది. పొద్దున్నకి ఒక నిశ్చయానికి వచ్చింది. ఇవాళ ఊ కొట్టకూడదు. ఏమైనా సరే కొట్టకూడదు. ఊ లేకపోతే పంతులుబాబుకి కథ నడవదు. కథ నడవకపోతే పుస్తకం రాదు. పుస్తకం రాకపోతే తోపు లేదు, కోతులు లేవు. ఇంత గట్టిగా అనుకుని, ఇంకా గట్టిగా ఉండాలని చీరచెంగు నోట్లో కుక్కుకుని వచ్చి కూచుంది.

చయనులుగారు మొదలెట్టారు.

"ఒక ఊళ్ళో ఒక దొంగ. వాడొక ఇంటికి కన్నం వేశాడు. లోపల అందరూ నిద్రపోతున్నారు. నగల పెట్టె అటకమీద ఉంది. దానికింద ఉయ్యాల ఉంది. ఉయ్యాల్లో ఏడాది పిల్ల ఉంది."

పైడమ్మ పళ్ళు బిగించింది.

"దొంగ అటకమీదికి చెయ్యి చాపాడు. పిల్ల కళ్ళు తెరిచింది, మూతి విరిచింది. ఏడిస్తే ఇల్లంతా లేస్తుంది. దొంగ గబగబా ఉయ్యాల ఊపాడు. పిల్ల నిద్రపోయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ మూతి విరిచింది. మళ్ళీ ఊపాడు. ఒక చెయ్యి ఉయ్యాలకి, ఒక చెయ్యి పెట్టెకి. పెట్టె అందితే ఉయ్యాల అందదు. ఉయ్యాల అందితే పెట్టె అందదు. అంతలో తొలికోడి కూసింది..."

చయనులుగారు ఆగారు. ఊ కోసం ఆగారు.

పైడమ్మ ముఖం కందగడ్డయింది. కళ్ళు మిటకరించింది. చెంగు ఇంకాస్త కుక్కుకుంది. చయనులుగారు కదల్లేదు. దొంగ కదల్లేదు. పిల్ల కదల్లేదు. తూర్పు తెల్లారిపోతోంది. ఇంట్లోవాళ్ళు లేచిపోతారు. చెంగు ఎగిరిపడింది.

"ఊఁ!"

ఆ ఊకి గూళ్ళోని పావురాళ్ళు లేచాయి. దాని వెనకే తలుపుచాటు నుంచి ఇంకో ఊ వినిపించింది, సన్నగా, సిగ్గుగా. అది రాణీగారి పెద్దమనవరాలిది. ఆ పిల్ల కొత్తగా ఓణీ వేసింది. కథలు చిన్నపిల్లలకని రావడం మానేసింది. ఇంత కాలమూ తలుపుచాటునే వింటోందన్నమాట.

ఇక కథ ఆగలేదు. తెల్లారింది. తల్లి లేచి చూస్తే, దొంగ ఉయ్యాల తాడు పట్టుకుని నిద్రపోతున్నాడు. పిల్ల వాడి మీసం పట్టుకుని ఆడుకుంటోంది. ఆమె వాడికి ఇంత చద్దన్నం పెట్టి, "రేపూ వస్తావా అన్నయ్యా, రాత్రుళ్ళు నిద్రలేక చస్తున్నాను" అంది.

పైడమ్మ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఏడ్చేసింది.

"ఏమయిందే?"

"నా నోరే నన్ను ముంచీసింది బాబూ." చింతతోపు సంగతంతా చెప్పేసింది. "ఇంక మీ పుస్తకం అయిపోద్ది. నానెల్లిపోతాను. అంతే గదా?"

చయనులుగారు ఉత్తరీయం తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. గవరయ్య మాత్రం తలొంచుకుని రాసుకుంటూనే ఉన్నాడు.

దసరా ముందురోజుకి అచ్చయింది. చయనులుగారు మొదటి ప్రతి విప్పి చూసి తల పట్టుకున్నారు. ప్రతి పేజీ అడుగునా, ఇంత లావు అక్షరాల్లో, "ఊఁ" అని ఉంది.

"ఇదేమిటయ్యా గవరయ్యా!"

"తమరే కదండీ, వినపడ్డది వినపడ్డట్టు రాయమన్నారు. ఊ దగ్గర తమరు ఆగారు. తమరు ఆగారని పేజీ కూడా ఆపాను."

"తీసేసి మళ్ళీ వెయ్యి!"

"కాగితం లేదండీ. మిగిలింది రశీదులకి."

పేష్కారుగారికి పండగ ముందురోజే వచ్చేసింది. ఒక ప్రతి పట్టుకుని పరుగున రాణీగారి దగ్గరికి వెళ్ళారు. "చిత్తగించండి! నీతి ఒక్కటీ లేదు. పనిమనిషి ఊ మాత్రం పేజీ పేజీకీ ఉంది. దివాణం పరువు గంగలో కలిసింది."

రాణీగారికి కళ్ళు ఆనవు. పుస్తకం నడిపి మనవడికి ఇచ్చి చదవమన్నారు. వాడు కూడబలుక్కుంటూ చదివాడు. చిన్న మనవరాలు పక్కన చేరి చూస్తోంది. పేజీ అడుక్కి వచ్చాడు. చిన్నదానికి చదువు రాదు. కానీ ఆ లావుపాటి అక్షరం తన వాటా అని తెలిసిపోయింది. "ఊఁ!" అని అరిచి, తనే పేజీ తిప్పేసింది. మళ్ళీ పేజీ, మళ్ళీ ఊఁ, మళ్ళీ తిప్పింది. దొంగ దగ్గరికి వచ్చేసరికి గదిలో ఉన్నవాళ్ళందరూ కొడుతున్నారు, రాణీగారితో సహా. ఆవిడ ఆయాసం కూడా ఆ ఊకి సర్దుకుంది.

"పైడీ!" అని పిలిచారు. పైడమ్మ మూట కట్టుకునే ఉంది. మూటతోనే వచ్చింది.

"పేష్కారుగారూ, దీన్ని తోపుకి పంపిస్తున్నారట?"

"పుస్తకం వచ్చాక ఊతో పనేముందని..."

"మరి ఇది పుస్తకంలోనే ఉందిగదయ్యా! ఎలా పంపిస్తారు? పుస్తకం మొత్తం మోసుకుపోయి కోతులకి చదువుతారా?"

పైడమ్మ మూట విప్పేసింది.

ఆ తరవాత చయనులుగారు చాలా పుస్తకాలు రాశారు. ఊగే పిల్లలకి పాటలు రాశారు, ఊ కొట్టే పిల్లలకి కథలు రాశారు. మూడో రకం రాయించింది పెద్దమనవరాలు. "మా వయసువాళ్ళకి కూడా రాయండి పంతులుగారూ. పెద్దవాళ్ళ పుస్తకం పట్టుకుంటే లాక్కుంటారు, చిన్నపిల్లలది చదివితే నవ్వుతారు. మేమేం చదవాలి? కానీ ఊ మాత్రం అచ్చు వెయ్యకండి, సిగ్గు. చోటు వదలండి చాలు. మనసులో అనుకుంటాం." అందుకని ఆ పుస్తకాల్లో పేజీ అడుగున జానెడు ఖాళీ ఉండేది. ఏ రకమైనా సరే, పైడమ్మ వినకుండా యంత్రం ఎక్కేది కాదు. ఆమెకి ఆవలింత వస్తే పుస్తకం పొయ్యిలోకి, ఊ వస్తే అచ్చులోకి.

పైడమ్మ పండుముసలిదై, చయనులుగారు కొత్త కథ చెబుతుండగా, ఒక ఊ కొట్టి, రెండో ఊ కొట్టి, మూడోది కొట్టకుండా వెళ్ళిపోయింది. "కథ బాగాలేదేమో అనుకున్నానయ్యా" అని చయనులుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఇప్పటికీ ఆ లోవకొండ వైపు పిల్లలు పుస్తకంలో పేజీ తిప్పేటప్పుడు "ఊఁ" అంటారు. ఇంకొక్క పేజీ, ఇంకొక్క పేజీ అని మారాం చేస్తే, "పైడమ్మ ఇంకా పడుకోలేదు" అంటారు తల్లులు. ఓణీ వేసిన పిల్లలు, మీసం రాబోయే పిల్లలు పేజీ తిప్పేముందు ఒక క్షణం ఆగుతారు. ఎందుకాగావంటే చెప్పరు.

ఇక పైడమ్మ ఆస్తి. ఇత్తడి చెంబు గవరయ్యకి వెళ్ళింది. తాంబూలం మానేస్తానని ఒట్టేసి పుచ్చుకుని, ఆ చెంబులోనే ఉమ్మేవాడు. గొంగళి చయనులుగారు అడిగి తీసుకున్నారు. ఇంట్లోవాళ్ళు మడి, మైల అన్నా వినకుండా చలికాలమంతా కప్పుకున్నారు. బిందె పెద్దమనవరాలు అత్తారింటినుంచి వచ్చి పట్టుకెళ్ళి, నిండా పుస్తకాలు పెట్టుకుంది. ఊ మాత్రం పిల్లలు పంచుకున్నారు. ఎంతమంది పంచుకున్నా తరగలేదు.

పేష్కారు జగ్గారాయుడుగారు కూడా వాటాకి వచ్చారు. వయసైపోయిందిగదా, ఆయనకీ ఏదో ఒకటి దక్కాలి. అరుగుమీద పుస్తకం చుట్టూ చేరిన పిల్లల్ని చూసి, కర్ర ఆనించి, ఆశగా అడిగారు. "బాలలారా, ఇంతకీ ఈ కథవల్ల గ్రహించవలసిన నీతి ఏమన్నా ఉందా?"

పిల్లలు పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నారు.

"ఊహూఁ."