నడుమ వద్దన్న సామెత

ప్రాస కుదిరితే చాలు, అర్థం దానంతటదే కుదురుతుందని నమ్మే త్రినాథ్ అనే కుర్రవాడు అనకాపల్లిలో ఉండేవాడు. లెక్కల్లో మహా చురుకు. గో ఆట తనంతట తానే నేర్చుకుని, బెల్లం దుకాణం మేడ మీద పదిమందికి నేర్పేవాడు. గళ్ళ పలక మీద ఒకరివి నల్ల రాళ్ళు, ఒకరివి తెల్ల రాళ్ళు. ఎక్కువ జాగా చుట్టుకున్నవారిదే గెలుపు. అసలు పలక కొనలేక వాళ్ళు ఫ్లెక్సీ మీద గళ్ళు గీసి, చొక్కా గుండీలతో ఆడుకునేవారు.

ఆటలో ప్రతి మెలకువకీ త్రినాథ్ ఒక సామెత కట్టేవాడు. "పక్కింటి మీదకు దండెత్తే ముందు మనింటి గడియ చూసుకో" అంటే అందరూ నవ్వుతూనే గుర్తుపెట్టుకునేవారు. అన్నిటికన్నా పేరొచ్చింది మాత్రం "మూల ముద్దు, అంచు హద్దు, నడుమ వద్దు" అన్నది. దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు.

ఒక ఆదివారం విజయనగరం జట్టు పోటీకి వచ్చింది. మూడు ఆటల్లో రెండు గెలిచినవారికి టేకు పలక, అసలైన రాళ్ళు బహుమతి. మొదటి ఆట త్రినాథ్ గెలిచాడు. రెండోది రిటైరైన డ్రిల్లు టీచరు నూకరత్నం ఆడింది. మూలలూ అంచులూ ఆవిడవే. నడుమ మాత్రం అవతలివాడు హాయిగా పరుచుకున్నాడు. అక్కడ గుండీ పెట్టబోయిన ప్రతిసారీ ఆవిడ గోడ వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఓడిపోయింది.

"త్రినాథ్ బాబూ, ఇంతకీ నడుమ ఎందుకు వద్దు?" అని అడిగింది.

త్రినాథ్ గోడ మీది అక్షరాల వంక చూశాడు. నడుమ ఆఖర్న ఆడాలన్నది అసలు సంగతి. "ఆఖర్న" అంటే ప్రాస కుదరక "వద్దు" అనేశాడు. ఇంతలో విజయనగరం పెద్దాయన గోడ చూసి, "భలే కట్టావయ్యా! మా ఊళ్ళోనూ రాయిస్తాం" అన్నాడు.

నోరు మూసుకుంటే పేరు దక్కుతుంది. కానీ మూడో ఆటకి కూర్చున్న మందుల షాపు తాతబ్బాయి కూడా ఆ గోడనే నమ్ముకున్నాడు. అలాగే ఆడితే టేకు పలక కాస్తా పోతుంది.

"తప్పు నాదేనండీ," అన్నాడు త్రినాథ్ అందరికీ వినపడేలా. "నడుమ మానెయ్యకూడదు, చివర్లో ఆడాలి. ప్రాస కోసం అలా రాశాను."

అందరూ గొల్లున నవ్వారు. "ఓరి నీ ప్రాస తగలెయ్య!" అన్నాడు తాతబ్బాయి. "నడుమ గుండీ పెడితే చెయ్యి కాలుతుందన్నంత భయపడ్డాను కదరా ఇన్నాళ్ళూ!"

ఆట చివర్లో అతను నడుమ ఒక్క గుండీ పెట్టాడు. విడివిడిగా ఉన్న అతని రెండు గుండీల గుంపులూ కలిసిపోయి, నడిమి జాగాని చుట్టేశాయి. పలక అనకాపల్లిలోనే ఉండిపోయింది.

నూకరత్నం కుంచె తీసుకుని గోడ దగ్గరకు వెళ్ళి, "వద్దు" ముందు రెండు అక్షరాలు ఇరికించింది. ఇప్పుడది "నడుమ మరవద్దు" అయింది.

"ప్రాస ఎక్కడికీ పోలేదు నాయనా," అంది. తర్వాత కొత్త పలక ముందు కూర్చుని, కావాలనే మొదటి రాయి సరిగ్గా నడిమధ్యన పెట్టింది. త్రినాథ్ పగలబడి నవ్వాడు.

మాటలో ముందు నిజం కుదరాలి. అందం దాని వెనకే నడిచి వస్తుంది.