కడ్డీ మోగని తుపాకి

దస్తగిరి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ తుపాకి చేతికిచ్చినా, అది అప్పుడే పెట్టెలోంచి తీసిన కొత్తదైనా సరే, ముందు "దీన్ని అడిగినావా?" అనేవారు. ఇచ్చినవాడు తెల్లబోయి చూస్తుండగా ఆయనే తెరిచి, లోపల తూటా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే భుజానికి ఎత్తేవారు. పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే పనిలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక రాయచోటి అవతల కొండవారన ఒక చిన్న షూటింగ్ క్లబ్బులో కుర్రవాళ్లకు గురి నేర్పుతుండేవారు. సారు తుపాకులతో మాట్లాడతాడని, ఏదో ఒకనాడు అవి జవాబు కూడా చెబుతాయని శిష్యులు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ అలవాటు మానలేదు.

ఆ శిష్యుల్లో జయచంద్ర ఒకడు. కానిస్టేబులు. గురి మంచిది, నోరు అంతకంటే చురుకు. ఒకనాడు అతను ఇంట్లో తగువొకటి మాస్టారి దగ్గరికి మోసుకొచ్చాడు. అతని తండ్రి లింగమయ్య కూడా కానిస్టేబులుగా చేసి రిటైరైనవాడే. సర్వీసంతా త్రీ నాట్ త్రీ రైఫిలు భుజాన మోశాడు. నలుగురు బంధువుల ముందు కొడుకు ఆ రైఫిలును మ్యూజియం సరుకు అన్నాడు. తండ్రికి కోపం వచ్చి, అది ఇప్పటికీ నిఖార్సైన రైఫిలేనని, పాతదంటే మీ జేజినాయన కాలపు నాటు తుపాకి అని గదిమాడు. నిజానికి ఆ జేజినాయన, అంటే లింగమయ్య తండ్రి ఓబుళప్ప, బతికుండగా తన నాటు తుపాకిని ఎవరైనా పాతదంటే ఒప్పుకునేవాడు కాదట. తన తాత వత్తి ముట్టించి కాల్చిన తుపాకి ఒక్కటే ఆయన దృష్టిలో పాతది. మాటకు మాట పెరిగి ఇప్పుడు తండ్రీకొడుకులు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు గానీ, ఆ రోత ఎక్కడ మొదలవుతుందన్నది మాత్రం ఎవరి ఇష్టం వారిది.

"మీరే చెప్పండి సార్. ఏ తుపాకిని పాతదనాల?" అని అడిగాడు జయచంద్ర.

పాము చావకుండా కర్ర విరక్కుండా మాస్టారు ఏదో ఒకటి చెబుతారని అతను ఎదురుచూశాడు. ఆయన మాత్రం ఓబుళప్ప తుపాకి ఇప్పుడు ఎక్కడుందని అడిగారు. జయచంద్ర హుషారుగా చెప్పుకొచ్చాడు. పంట కాపలాకని లైసెన్సు తీసుకుని ఓబుళప్ప అడవి పందుల మీద వాడిన తుపాకి అది. ఒక కోతల కాలంలో ఆయన చేనుకాడ నుంచి వచ్చి, దాన్ని గోడకు తగిలించి, మంచం మీద వాలినవాడు వాలినట్టే పోయాడు. అప్పటి నుంచి, అంటే నలభై ఏళ్లు పైబడి, తుపాకి ఆ గోడ మీదే ఉంది. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించడం, అయ్యాక తెచ్చి మళ్లీ తగిలించడం, అంతే. స్టేషనువాళ్లూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసేవాళ్లు. ఇంట్లో వాళ్లు దాన్ని దించేది దసరాకే. ఆయుధపూజ నాడు గంట కొట్టి, హారతి ఇచ్చి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలుస్తారు. పిల్లలు గొట్టం మూతికి కుంకుమ బొట్టు పెట్టి, దానికి నుదురు ఆనిస్తారు. అప్పుడు లింగమయ్య తుపాకి గుర్రాన్ని, అంటే మీట నొక్కితే పడే సుత్తిని, పైకెత్తి వదులుతాడు. టక్కుమంటుంది. పిల్లల భయం పోవడానికి ఆ ఇంటి ఆచారం అది. జయచంద్ర, అతని అక్కలు అలా నుదురు ఆనించి పెరిగినవాళ్లే.

ఈసారి అతని నాలుగేళ్ల కూతురు చేతన వంతు. ఉత్త టక్కుమంటే ఏం బాగుంటుందని అతను దీపావళి బొమ్మ తుపాకుల్లో పెట్టే ఎర్ర బిళ్లలు కొన్నాడు. సుత్తి కింద ఒకటి పెడితే ఫట్‌మని పేలుతుంది, ఫోనులో వీడియో అదిరిపోతుంది. దసరా వచ్చే వారమే. బిళ్లల పొట్లం జేబులోంచి తీసి మాస్టారికి చూపించాడు కూడా.

మాస్టారు ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకుని చూసి తిరిగి ఇచ్చేశారు. తర్వాత, తుపాకిని రేపే తీసుకురమ్మని, తండ్రిని కూడా వెంటబెట్టుకు రమ్మని చెప్పారు. దారిలో దాని మూతి ఎవరి వైపూ తిప్పవద్దన్నారు. గోడ మీద బల్లులకు చూరైన తుపాకికి ఇంత మర్యాదా అని జయచంద్ర నవ్వుకుంటూ వెళ్లాడు.

మర్నాడు తండ్రీకొడుకులు ఒకే ఆటోలో, చెరొక వైపు చూస్తూ వచ్చారు. మధ్యలో చేతన. తానూ వస్తానని ఏడ్చి మరీ ఎక్కిందట. పాపను ఆఫీసు గదిలో బిస్కెట్లిచ్చి కూర్చోబెట్టి, మాస్టారు మూడు తుపాకులు బల్ల మీద పరిచారు. ఒకటి క్లబ్బువాళ్లు కొత్తగా తెప్పించిన రైఫిలు, రెండోది బీరువాలో మూలుగుతున్న త్రీ నాట్ త్రీ, మూడోది ఓబుళప్ప తుపాకి. ఏది ఖాళీయో ఏది కాదో చూసి చెప్పమన్నారు. మిగతా శిష్యులు చుట్టూ మూగారు.

జయచంద్ర కొత్త రైఫిలు మ్యాగజైన్ ఊడదీసి, లోపల చూసి ఖాళీ అన్నాడు. లింగమయ్య త్రీ నాట్ త్రీని చేతిలోకి తీసుకునేసరికి పదేళ్లు చిన్నవాడైపోయాడు. బోల్టు వెనక్కి లాగి, చిటికెన వేలు పెట్టి చూసి, కొడుకు వైపు ఒక చూపు విసిరి, ఖాళీ అన్నాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది.

"దీంట్లో చూసేదానికి ఏముండాది సార్? మ్యాగజైన్ లేదు, బోల్టు లేదు. ఇది తుపాకి కాదు, పూజ సామాను," అన్నాడు జయచంద్ర.

తండ్రి కూడా తలూపాడు. సుత్తి ఎత్తి, దాని కింద ఏమీ లేదని అందరికీ చూపించాడు. నాయన పోయాక దీంట్లో ఎవరూ మందు పోయలేదన్నాడు. అన్ని రోజుల తర్వాత తండ్రీకొడుకులు ఒక్క మాట మీదికి వచ్చారు. తగువు తీరిపోయినట్టే అనిపించింది.

"అడిగి చూద్దాం," అన్నారు మాస్టారు.

గొట్టాలు తుడిచే పొడుగాటి ఇనుప కడ్డీ తీసుకుని, తుపాకిని నిలబెట్టి, తన మొహం పక్కకు తిప్పుకుని, మూతిలోంచి కడ్డీని జారవిడిచారు. నాటు తుపాకిలో మందు, పీచు, గుండ్లు అన్నీ మూతిలోంచే కూరుతారు. వెనక నుంచి తెరిచి చూసే వీలుండదు. సుత్తి కింద పెట్టిన బిళ్ల పేలితే ఆ నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది. ఖాళీగా ఉంటే కడ్డీ అడుగున ఇనుముకు తగిలి మోగాలి. అది మోగలేదు. తడిగుడ్డ మీద పడ్డట్టు మెత్తగా ఆగింది. కడ్డీ మూతి దగ్గర ఎంతవరకు దిగిందో బొటనవేలితో పట్టుకుని, బయటికి తీసి, మాస్టారు దాన్ని గొట్టం వెంబడే బయట ఆనించి పట్టుకున్నారు. దాని కొన సుత్తి పడే చోటి దాకా రావాలి. జానెడు ముందే ఆగిపోయింది. ఆ జానెడు జాగాలో ఏముందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

లింగమయ్య మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. ఏటేటా ఆ సుత్తి ఎత్తి వదిలింది ఆయన చెయ్యే. జయచంద్ర చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. అక్కడ ఏదో తగిలినట్టు తడుముకుంటూ నిలబడ్డాడు. నవ్వడానికి మూగిన శిష్యులు ఒకడొకడే వెనక్కి జరిగారు. చివరికి లింగమయ్యే దిక్కులేని ఆశ ఒకటి పట్టుకుని అన్నాడు.

"ఇన్నేండ్ల మందు సార్. ఎప్పుడో చచ్చిపోయింటాది."

మాస్టారు వాదించలేదు. తుపాకిని తీసుకెళ్లి, గురి కొట్టే చోట ఒక పాత లారీ టైరుకు తాళ్లతో బిగించి కట్టారు. ఎదురుగా మట్టిదిబ్బ, దాని ముందు ఒక చెక్క పలక. మీటకు పొడుగాటి తాడు కట్టి, అందరినీ గోడ వెనక్కి పంపారు. అప్పుడు జయచంద్ర ముందు అరచెయ్యి చాపారు. ఏం కావాలో అతనికి అర్థమైంది. పొట్లంలోంచి ఒక ఎర్ర బిళ్ల తీసి ఆ చేతిలో పెడుతుంటే అది జారి కింద పడింది. వంగి వెతికి మళ్లీ ఇచ్చాడు. మాస్టారు దాన్ని సుత్తి కింద పెట్టి, తానూ గోడ వెనక్కి వచ్చి, తాడు లాగారు.

ఆ చప్పుడుకు కొండ మారుమోగింది. పొగ కమ్మేసింది. పొగ విచ్చాక చూస్తే టైరు పక్కకు ఒరిగిపోయి ఉంది. చెక్క పలక నిలువునా చీలి, సగం ముక్క ఎక్కడుందో కనిపించలేదు. ఇంతలో ఆఫీసు గదిలోంచి చేతన ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు చెవిన పడ్డాకనే జయచంద్రకు ఊపిరి ఆడింది. పరుగున వెళ్లి పిల్లను ఎత్తుకొచ్చి, దాని నుదురు తన మెడకు అదుముకుని, దించమన్నా దించకుండా నిలబడ్డాడు. ఏది పాతదో తేల్చమని ఆ తర్వాత అతను ఎన్నడూ అడగలేదు.

లింగమయ్య గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. తెల్ల పొగను చూస్తూ, ఎవరితోనో కాదన్నట్టు చెప్పాడు.

"నాయన ఉన్నెప్పుడు పూజకు ముందర దీంట్లో కడ్డీ వేసేవాడు సార్. ఖణ్ అని మోగేది. అది మోగినాకనే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు. ఒక ఏడు మోగకపోతే, మమ్మల్నందర్నీ బయటికి తోలి తలుపేసుకున్నాడు కూడా. ఎందుకో మాకు తెలీలా. పూజలో అదొక గంట అనుకుంటిమి. ఆయన పోయినాక ఇత్తడి గంట కొంటిమి."

ఆ కడ్డీ ఇప్పుడెక్కడుందని మాస్టారు అడిగారు. తండ్రి తల దించుకున్నాడు. కొడుకే చెప్పాడు. అది కిటికీ తెరకు దూర్చి ఉంది, చేతన పడుకునే గదిలో.

మాస్టారు వెళ్లి తుపాకి కట్లు విప్పారు. వేడి తగ్గేదాకా ఆగి, దాన్ని మళ్లీ నిలబెట్టి, మూతిలో కడ్డీ వేశారు. ఈసారి అది ఖణ్‌మని మోగింది. ఆ మోత వినగానే లింగమయ్య చిన్నపిల్లవాడిలా బావురుమన్నాడు. మాస్టారు ఆయన పక్కన చతికిలబడి, భుజం మీద చెయ్యి వేశారు.

"గంట కాదప్పా అది. మీ నాయన దాన్ని అడిగేవాడు."