ఎర్ర రాళ్ల అవతలి గుడ్డు

ఫిరంగుల గుట్ట మీద ఒకప్పుడు సిపాయిలు బాంబులు పేల్చడం నేర్చుకునేవారు. వాళ్లు వెళ్లిపోయాక అది అందరూ తిరిగే పచ్చిక బయలైంది. ఆదివారమొస్తే మనుషులు పులిహోర పొట్లాలతో దిగిపోతారు. ఒక్క మూల మాత్రం ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతారు. వాటి అవతల పేలని బాంబులు ఇంకా మట్టిలోనే ఉన్నాయి. మనిషైనా మేకైనా ఇవతలే ఆగాలి.

ఆ వానాకాలం గుట్టకు కొత్తగా ఓ ఆడనెమలి వచ్చింది. రాళ్ల ఇవతల పొదలో మూడు గుడ్లు పెట్టి, తిండి కూడా మానేసి పొదుగుతోంది, పిచ్చితల్లి! అది చూసి నక్కకు నోరూరింది.

"చెల్లీ, ఎర్ర రాళ్ల అవతల తల్లిలేని గుడ్డొకటి వానకు తడుస్తోందమ్మా. చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది."

"ఆ రాళ్లు దాటకూడదంటారుగా అన్నా?"

"పిరికివాళ్ల మాటలు! వెళ్లిరా. నీ గుడ్లకు నేను కాపలా ఉంటాలే."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. నెమలి రాళ్లు దాటింది. కాస్త దూరంలో, బురదలో సగం కూరుకుని గుండ్రంగా ఏదో కనిపించింది.

పొద పక్కనే మేస్తున్న ముసలి ఎద్దు తలెత్తి చూసి హడలిపోయింది.

"ఓసి నా తల్లో! ఆగు! అది సిపాయిల బాంబే. తాకితే పేలిపోతావు!"

"గడ్డి తినేవాడివి, గుడ్ల సంగతి నీకేం తెలుసు మావా? నక్కన్న చెప్పాడు. పాపం, చల్లబడిపోయి ఉంటుంది, కాస్త వెచ్చజేసి వస్తా" అంటూ నెమలి ఇంకో అడుగేసింది.

ఇక అరిచి లాభం లేదు. ఇటు చూస్తే నక్క అప్పుడే మూతి నాక్కుంటూ పొదలోకి దూరబోతోంది. ఎద్దు గబుక్కున అడ్డం నిలబడి గొంతెత్తింది.

"అల్లుడూ! ఇవి పొదిగిన గుడ్లు, రుచుండవురా. అదుగో, అక్కడ పెద్ద గుడ్డు! పోయి తినెయ్, ఎవరూ అడ్డం రారు."

"వద్దులే మావా... ఇవాళ ఏకాదశి" అంది నక్క, వెనక్కి జరుగుతూ.

నెమలి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. గుడ్డుందంటే నక్కకు ఉపవాసమా!

"మావా, కాళ్లాడట్లేదు!"

"భయపడకు తల్లీ. వెళ్లిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వచ్చెయ్. నేనిక్కడే ఉన్నా."

వచ్చింది. గుడ్ల మీద రెక్కలు పరిచి బావురుమంది. "మంచి పని చేద్దామనే వెళ్లాను మావా."

"తెలుసమ్మా. అందుకే వాడు నీకా మాట చెప్పాడు."

ఆ రోజు నుంచి నక్క ఏ కబురు మోసుకొచ్చినా, ఆఖరికి కోడిపిల్ల కూడా "ముందు నువ్వు నడువన్నా" అంటోంది. పాపం నక్క, ఆ పూట నిజంగానే ఏకాదశి చేసింది.

నీతి: దారి చూపేవాణ్ణి ముందు నడవమను, వాడు జంకితే నువ్వు ఆగు.