అడవి బాతులు ఆకాశంలో ఐదు రాసిన కథ

ఒకప్పుడు అడవి బాతులు ఎలా పడితే అలా ఎగిరేవి. ఒకటి పైన, ఒకటి కింద, నాలుగు పక్కకి. కింద నుంచి చూస్తే ఎవరో గుప్పెడు మినుములు పైకి విసిరినట్టుండేది.

అలాంటి ఒక గుంపుకి పెద్దదిక్కు జల్లమ్మ అనే ముసలి బాతు. చలి మొదలవగానే తనవాళ్ళని మంచుకొండలు దాటించి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి తీసుకొచ్చేది. ఎండలు ముదరకముందే మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళేది. ఎన్నేళ్ళుగా అలా తిరుగుతోందో దానికే గుర్తులేదు.

ఒక ఏడాది ఇటు వచ్చేటప్పుడు ఘోరం జరిగింది. కొండల మీద మబ్బులో జల్లమ్మ చెల్లెలు పాలమ్మ వెనకబడిపోయింది. గుంపులో ఎక్కడో ఉందిలే అని అందరూ అనుకున్నారు. లేదని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. వెనక్కి వెళ్ళి వెతికారు. దొరకలేదు.

ఆ రోజు నుంచి జల్లమ్మకి లెక్కపెట్టడమే పనైపోయింది. సాయంత్రం కాగానే ఒక్కొక్కరినీ చూస్తూ, ముక్కుతో బురదలో ఒక్కొక్క గీత గీసేది. ఐదారు గీతలు దాటగానే కళ్ళు మసకలు కమ్మేవి. ఒకసారి పద్నాలుగు వచ్చేది, ఒకసారి పదిహేడు. అన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టేది.

"జల్లమ్మక్కా, ఇక పడుకోవే," అనేవాడు మబ్బయ్య అనే బొద్దు గండుబాతు. "అందరం ఇక్కడే ఉన్నాం కదా!"

"ఆ రోజూ ఇలాగే అనుకున్నాం," అనేది జల్లమ్మ.

ఆ పక్కనే ఒక రేవు ఉండేది. రోము అనే దూరదేశం నుంచి ఓడలో వచ్చిన లూసియస్ అనే ముసలాయన అక్కడ జాడీలు దింపించేవాడు. రేవు జనం ఆయన్ని లూసయ్య అనేవాళ్ళు. ఒక సాయంత్రం ఆయన నడుం పట్టుకుని బురద గట్టు మీద కూలబడ్డాడు. ఎదురుగా ఒక ముసలి బాతు, దాని ముందు బోలెడు గీతలు.

"ఏమమ్మా, అన్ని గీతలెందుకు? చూస్తుంటే నా కళ్ళే లాగుతున్నాయి."

"మావాళ్ళని లెక్కపెడుతున్నాను తాతా. తెమలడం లేదు."

లూసయ్య నవ్వాడు. "పొద్దంతా జాడీల మీద అంకెలు రాసేవాణ్ణి. నీలాగా గీతలు గీస్తూ కూర్చుంటే ఎప్పుడో చచ్చేవాణ్ణి. ఇటు చూడు."

ఒక వేలు చూపించాడు. బురదలో ఒక గీత గీశాడు: I. "ఇది ఒకటి. రెండు వేళ్ళకి రెండు గీతలు. మూడుకి మూడు. అంతవరకూ కళ్ళు తట్టుకుంటాయి."

తర్వాత అరచెయ్యి మొత్తం చాపాడు. నాలుగు వేళ్ళు ఒక పక్క, బొటనవేలు ఒక పక్క. "ఇది ఐదు. ఐదు గీతలక్కర్లేదు. చెయ్యి ఎలా ఉందో అలా రాస్తే చాలు." V అని గీశాడు. "పైన ఒక చెయ్యి, కింద తలకిందులుగా ఇంకో చెయ్యి. రెండు ఐదులు. ఇది పది." X అని గీశాడు.

"మరి నాలుగు?"

"ఐదుకి ముందు ఒక గీత పెట్టు. ఒకటి తక్కువ అని. ఐదుకి తర్వాత పెడితే ఒకటి ఎక్కువ, అంటే ఆరు."

జల్లమ్మ అటూ ఇటూ చేసి నాలుగు రాయబోయి ఆరు రాసింది. చెరిపింది. మళ్ళీ తప్పింది. లూసయ్య విసుక్కోలేదు. విసుక్కునే ఓపిక ఆయనకి లేదు. పొద్దు వాలేసరికి జల్లమ్మ తన గుంపుని రాయగలిగింది: XVI, పదహారు.

రాసి, చాలాసేపు దానివంక చూసింది. మెల్లగా కాలితో చివరి గీత చెరిపేసింది.

"అదెవరమ్మా?" అన్నాడు లూసయ్య.

"మా చెల్లెలు తాతా."

ఆయన పక్కనే కూర్చుని నీళ్ళవంక చూస్తూ ఉండిపోయాడు.

ఎండలు మొదలయ్యాయి. ప్రయాణం రోజు వచ్చింది. అందరూ రెక్కలు విదిలిస్తున్నారు. జల్లమ్మ మాత్రం కదల్లేదు.

"మళ్ళీ ఆ కొండలు దాటాలి. ఆకాశంలో బురద లేదు. ఎక్కడ రాయను? ఎలా లెక్కపెట్టను?" అంది.

జల్లమ్మ బురదలో తను రాసిన V వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి తలెత్తింది.

"రాయడానికి చోటు లేకపోతే మనమే అంకెలవుదాం. ఐదుగురు కలిస్తే ఒక ఐదు. మొనలో ఒకరు, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. మనం పదిహేను మందిమి. మూడు ఐదులు. ఎవరి చోటు వాళ్ళు వదలకండి."

మూడు ఐదులు పక్కపక్కన ఆకాశంలోకి లేచాయి. నడిమి ఐదుకి మొనలో జల్లమ్మ.

కొండల మీదకి వెళ్ళేసరికి మంచుగాలి మొదలైంది. కన్ను తెరవనివ్వని గాలి. జల్లమ్మ రెక్కలు రాళ్ళలా బరువెక్కాయి. అయినా ఒక్కసారి తల తిప్పి చూసింది.

ఎడమవైపు ఐదులో ఒక వరస పొట్టిగా ఉంది.

"ఒకటి తక్కువ!" అని గట్టిగా అరిచింది. "దిగండి, అందరూ దిగండి!"

రాళ్ళ సందులో మబ్బయ్య దొరికాడు. రెక్కల మీద మంచు గడ్డకట్టి ముడుచుకుపోయి ఉన్నాడు. అందరూ చుట్టూ ఒదిగి కూర్చుని వెచ్చబెట్టారు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నేను పడ్డానని ఎలా తెలిసిందక్కా? అరవడానికి కూడా గొంతు రాలేదు."

"లెక్కపెట్టలేదురా. కనబడింది," అంది జల్లమ్మ. అని, అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారిగా ఏడ్చేసింది.

తెల్లారాక అందరూ లేచారు. జల్లమ్మ రెక్క ఎత్తబోయింది. లేవలేదు. మళ్ళీ ఎత్తింది.

"ఇవాళ మొన ఎవరైనా పట్టుకోండి. నా వల్ల కాదు," అంది. అలా అనడం దాని జన్మలో అదే మొదటిసారి.

కిన్నెర అనే పడుచుబాతు ముందుకెళ్ళింది. జల్లమ్మ వెళ్ళి చివరన చేరింది. అక్కడ ఎగరడం తేలిగ్గా ఉంది. ముందున్న రెక్కల గాలి కిందనుంచి మెత్తగా పైకి తేలుస్తోంది. ఇన్నేళ్ళూ ఆ సంగతి దానికి తెలియనే తెలియదు. కింద మంచుకొండలు ఒక్కొక్కటే వెనక్కి జరిగిపోతుంటే చూస్తూ ఎగిరింది.

అప్పటినుంచే అడవి బాతులు, గుంపు ఎంత పెద్దదైనా, చాపిన అరచెయ్యిలాగా రెండు వరసలు కట్టి ఎగురుతాయి. మొనలో ఉన్నది అలసిపోతే వెనక్కి వస్తుంది, ఇంకొకటి ముందుకెళుతుంది.