ఏడు నీళ్ళ పాటలు, నక్క పట్నం

అల్లిలంక అంటే ఇప్పటి పిల్లలకి రొయ్యల చెరువుల మధ్య ఓ మట్టిదిబ్బ. ఆ రోజుల్లో మాత్రం చలికాలం వచ్చి దూరదేశాల పక్షులు దిగాయంటే దాన్ని అందరూ పట్నమనేవారు. ఏడు చోట్ల చెరువులు, వాగులు, సరస్సుల నుంచి పాటగాళ్ళొచ్చే ఏడు నీళ్ళ పాటల పోటీ ఎక్కడ జరిగితే ఆ ఏడాదికి అదే పట్నం. అది కట్టుబాటు.

ఆ పోటీ పెట్టిందెవరో తెలుసా? గాడిద. నవ్వకండి. గవరయ్య అనే ఆ గాడిద ఇటుకల బట్టీలో మోసి మోసి, ఒంట్లో సత్తువ అయిపోయాక లంకకి చేరుకున్నాడు. పాటంటే ప్రాణం. తను నోరెత్తితే మాత్రం కొంగలు గూళ్ళు వదిలి లేచిపోయేవి. కొన్నాళ్ళు అవమానపడ్డాడు. చివరికి, పాడే రాత లేనప్పుడు వినే రాతైనా దక్కించుకుందామనుకుని, తనలాగే పాడలేని గేదె పోలమ్మనీ, తాబేళ్ళనీ, పీతలనీ కూడగట్టాడు. పెత్తనమంతా వినేవాళ్ళదే. పాడేవాళ్ళు పాడాలి, పెట్టింది తినాలి, అంతే.

తీర్పు కూడా వింతగా ఉండేది. సాయంత్రం పాటలైతే తీర్పు మర్నాడు పొద్దున. నిద్రలేచి ఎవరి పనిలో వాళ్ళుండగా నోట ఏ కూనిరాగం దానంతటది వస్తే అదే వాళ్ళ ఓటు. సొంత ఊరి పాట చెల్లదు. పోలమ్మ గట్టు వెంట నడుస్తూ చెవులు రిక్కించి వినేది. ఎక్కువమంది నోట పలికిన పాటదే గెలుపు, మరుసటేడు ఆ పాటగాడి ఊరే పట్నం. అక్కడికి పక్షులన్నీ వెళ్ళి తీరాలి. దూరం నుంచి వచ్చిన పక్షులు ఎక్కువగా లంక పిట్టల పాటే తీసేవి గనక పట్నం అప్పటిదాకా అల్లిలంకలోనే నిలిచింది.

ఎంత బాగుండేవో ఆ పొద్దుటిపూటలు! మంచులో గూడబాతు చేపల వేటలో ఉంటూ ఎక్కడో రష్యా పాట తీసేది. తాబేలు మెడ చాచి సింహళం పాట అందుకునేది. ఆ భాషలు ఎవరికీ రావు, అయినా పాటలు అందరికీ వచ్చేవి. అలాంటి పొద్దులు మళ్ళీ చూస్తామా అనిపిస్తుంది.

అలా సాగుతుండగా ఓ ఏడు నక్క నాగలింగం దిగబడ్డాడు. వెంట ఒక కోయిల.

"గవరయ్య మావా! మా ముళ్ళవాగు తరఫున పాటగాణ్ణి తెచ్చాను. రాసుకో."

గవరయ్య చెవులు వాల్చేశాడు. ముళ్ళవాగు పేరుకే వాగు. చుక్క నీరుండదు. అటూ ఇటూ ముళ్ళపొదలు, లోపలికి ఒకటే దారి.

"మీ పాట గెలిస్తే ఇంతమంది మీ వాగుకి రావాలి కదయ్యా. అక్కడ తిండికెట్టా మరి?"

"అతిథులంటూ వచ్చాక తిండికి లోటేముంటుంది మావా!" అని పెదాలు తడుపుకున్నాడు నక్క.

వాడు అటు వెళ్ళగానే పోలమ్మ కొమ్ములు విసిరింది. "ఈణ్ణి తోలెయ్. వచ్చే ఏటికి ఒక్క పిట్ట మిగలదు. పోటీ అక్కడితో సరి."

"ఎట్టా తోలేది పోలమ్మా? కోయిల పాటకి గాడిద అడ్డం పడిందంటే ఏడు నీళ్ళూ నవ్వవూ? పాడతానన్నోణ్ణి కాదనకూడదని కట్టుబాటు పెట్టింది నేనేనాయె."

మధ్యాహ్నం కోయిల గొంతు సవరించుకుని ఓసారి పాడింది. గవరయ్యకి కళ్ళు చెమర్చాయి. వచ్చిన చిక్కల్లా అదే. పాట నిజంగా బాగుంది. రేపు పొద్దున లంకంతా ఇదే పాడుతుందని అతనికి తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి పేరుపేరునా ఎదురుచూసిన చుట్టాలు వరసగా ఆ ముళ్ళదారిలోకి నడిచివెళ్తున్నట్టే అనిపించింది.

అప్పుడే నక్క మళ్ళీ వచ్చాడు. "మావా, ఓ మాట. పాట కొత్తది కదా, మనోళ్ళకి నోటికి పట్టొద్దూ? నాలుగుసార్లు నేర్పించనా?"

గవరయ్యకి బట్టీ గుర్తొచ్చింది. అక్కడ యజమాని మైకు పెట్టించిన రోజు ఓ పాట విని గవరయ్య పొంగిపోయాడు. దాన్నే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వేశారు. సాయంత్రానికి ఆ మైకుని తన్నాలనిపించింది. ఆ తర్వాత ఎంత గింజుకున్నా ఆ పాట అతని నోటికి రాలేదు.

"నేర్పించు అల్లుడూ, తప్పేముంది? నాలుగుసార్లేం సరిపోద్ది? దీపాలేళదాకా నేర్పించు" అన్నాడు నెమ్మదిగా.

నక్కకి ఇంకేం కావాలి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. లంక మొత్తాన్ని వరసగా నిలబెట్టాడు. పోలమ్మని నెమరు వెయ్యనివ్వలేదు. తాబేళ్ళు డిప్పలోకి తల లాక్కుంటే "రెండో చరణం మళ్ళీ అను!" అంటూ గోళ్ళతో తట్టి లేపాడు. గూడబాతు నోట్లో చేప ఉంటే ఉమ్మించి మరీ పాడించాడు. కోయిల "ఇంక వల్లకాదు మహాప్రభో" అని కొమ్మ మీద కూలబడితే, "నోర్మూసుకుని పాడు!" అని కసిరాడు.

సాయంత్రం పోటీలో కోయిల పాడితే అందరూ మర్యాదకి తలలూపారు. ఆఖర్న మంచుకొండల అవతలి నుంచి వచ్చిన చారల బాతు డోల్మక్క ముందుకొచ్చింది. ముసలిది. "మా గుంపులో పాడేవాడు దారిలోనే పోయాడు. మా సరస్సు పేరు పోకూడదని నేను నిలబడ్డాను. కొండ దాటించేటప్పుడు మా అమ్మ పాడేది" అని ఒకే ఒక్కసారి పాడింది. మధ్యలో ఆయాసంతో ఆగింది కూడా. పోలమ్మ నెమరు ఆపి వింది.

తెల్లారింది. పోలమ్మ గట్టు మీద నడక మొదలెట్టింది. గూడబాతు డోల్మక్క పాట. తాబేళ్ళు అదే. పీతలు అదే. కొమ్మ మీద కోయిల కూడా, పాపం, అదే తీస్తోంది.

నక్క మాత్రం అక్కడ లేడు. రాబోయే అతిథుల కోసం అప్పుడే ముళ్ళవాగులో తోకతో దారి ఊడుస్తున్నాడు. పనయ్యాక గట్టెక్కి హుషారుగా వచ్చాడు. అందరూ వాడివంకే చూశారు.

"ఏంటలా చూస్తారు? గెలిచింది మా పాటేగా?"

"దాందేముంది గానీ, నువ్వు పాడుకుంటా వచ్చిన పాట ఏ ఊరిది అల్లుడూ?" అన్నాడు గవరయ్య.

"నేనేం పాడాను?" అని నక్క ఆగాడు. నోరు మూశాడు. మూసిన నోట్లోంచి కూడా డోల్మక్క అమ్మ పాట సన్నగా వస్తూనే ఉంది. లంక గొల్లుమంది. నాగలింగం మొహం మాడ్చుకుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, వచ్చిన దారినే పోయాడు.

నవ్వులు ఆగాక పోలమ్మకి తట్టింది. "ఒరే గవరయ్యా, వచ్చే ఏడు పట్నం మంచుకొండల అవతల గదరా! నువ్వెట్టా పోతావు?"

డోల్మక్క గబగబా అంది: "అన్నా, మావాళ్ళకి నేను చెప్పుకుంటాను. పోటీ ఇక్కడే ఉండనీ."

"వద్దమ్మా, మీ సరస్సుకే పోనీ. కట్టుబాటు నక్కకొకటీ నాకొకటీనా?" అన్నాడు గవరయ్య. బాధ దాచుకోలేదు, అందరిముందే ఏడ్చాడు. చలి తగ్గాక పక్షులన్నీ లేచి ఉత్తరానికి వెళ్తుంటే, కనుమరుగయ్యేదాకా గట్టు మీద నిలబడి, ఒక్క పిట్టా తగ్గలేదని మురిసిపోయాడు.

ముళ్ళవాగులో శుభ్రంగా ఊడ్చిన దారి ఉంది. దాని మీద నాగలింగం ఒక్కడే ఆకలితో అటూ ఇటూ తిరిగాడు.

రుద్ది నేర్పిన పాట పొద్దు దాటదు, మెచ్చి విన్న పాట కొండలు దాటుతుంది.