నిండు కొలువులో ఇల్లమ్మిన వీరమల్లప్ప

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న ఊళ్లో ఇది చెప్పేవాళ్లు లేరు. నేనైనా ముందే చెప్పాల్సింది. విన్నది విన్నట్టే చెబుతాను. ఎక్కడైనా ఒక మాట తేడా వస్తే పొరపాటు నాదే.

గంధగిరి రాజు మల్లభూపతికి ఒకరోజు కొలువులో ఉండగా ఒక అనుమానం వచ్చింది.

"ఏమయ్యా ఈరన్నా, జనం ఇల్లు ఎలా కొంటారు? నేనెప్పుడూ కొనలేదు. నేను పుట్టేసరికే కోట ఉంది."

ఈరన్న ఆస్థానంలో పత్రాలు రాసేవాడు.

"ముందు బయానా ఇస్తారు ప్రభూ. చివరి రోజున అందరూ ఒకచోట కూర్చుని హద్దులు చదువుకుంటారు. ఖజానాకు సుంకం లెక్క తేలుస్తారు. సాక్షుల ముందు చేవ్రాలు చేస్తారు, రాజముద్ర పడుతుంది. మిగతా వెల ఇచ్చి తాళంచెవి తీసుకుంటారు. ఆ తర్వాత ఏడుస్తారు."

"ఎవరు?"

"కొన్నవాళ్లో, అమ్మినవాళ్లో. ఇద్దరూ నవ్వుతూ లేవడం నేనింతవరకు చూడలేదు."

"అయితే నేను చూడాల్సిందే! రేపు ఇక్కడే ఒక ఇల్లు అమ్మండి."

నగరాధికారి వీరమల్లప్ప మీసం దువ్వుకుంటూ లేచాడు. "నా పాత ఇల్లు ఉంది ప్రభూ. మంత్రసాని శంకరమ్మ బయానా ఇచ్చింది. రేపే ముగించేద్దాం."

ఆ మధ్యాహ్నం శంకరమ్మ ఈరన్న ఇంటికి వచ్చింది.

"బాబూ, చివరిసారి చూసుకుందామని పొద్దున ఆ ఇంటికి వెళ్లాను. పడమటి గదికి కొత్తగా సున్నం కొట్టించాడు. చెయ్యి పెడితే ఇంకా తడి. ఆ ఒక్క గదికే ఎందుకు?"

"అడిగావా?"

"అడిగాను. 'అలంకారం ముసలమ్మా' అన్నాడు. నాకొద్దు, నా బయానా నాకిచ్చెయ్యమన్నాను. ఒక్క వరహా కూడా వెనక్కి రాదన్నాడు. ఎనభై ఇచ్చాను బాబూ, బేరం మూడు వందలకు. ముప్పై ఏళ్లు ఊరందరి పురుళ్లు పోసి కూడబెట్టిన డబ్బు. మా ఆయన మంచం దిగలేడు. ఇప్పుడున్న కొంపలో వాన పడితే ఆ మంచాన్నే మూల మూలకీ జరుపుతున్నాను. కొన్న ఇల్లూ కారితే ఇంకెక్కడికి జరపను?"

ఈరన్నకు ఒక ఉపాయం తట్టింది.

"రేపు వీరమల్లప్ప ఏమన్నా నువ్వు నోరు మెదపకు పెద్దమ్మా. ఆ గది సంగతి ఆయనే చెబుతాడు."

మర్నాడు కొలువు కిటకిటలాడింది. ఈరన్న హద్దులు చదివాడు.

"ఇల్లు కాదు ప్రభూ, ఇంద్రభవనం!" అన్నాడు వీరమల్లప్ప. "ఈవిడ అదృష్టం."

ఈరన్న గంటం పట్టుకున్నాడు. "ఇక సుంకం. వెలలో పదో వంతు, అమ్మినవారే కట్టాలి. వెల ఎంతని రాయమంటారు?"

వీరమల్లప్ప మీసం కాస్త వాలింది. "నూట యాభై రాయి."

"ఇంద్రభవనం నూట యాభైకేనా? రేపు ఖజానావాళ్లు నన్ను నిలదీస్తారు. కారణం రాయాలండీ."

శంకరమ్మ వింటోందన్న బెంగ వీరమల్లప్పకు లేదు. బయానా తన పెట్టెలో ఉంది, ఆవిడ ఎక్కడికి పోతుంది?

"పడమటి గది కప్పు కారుతుంది."

"వానకు ఎవరి కప్పైనా కారుతుంది. దానికి ఇంత తగ్గదు."

"ధారగా కారుతుందయ్యా! గోడంతా నాని ఉబ్బితే మొన్ననే సున్నం కొట్టించాను."

"ఇంకా?"

"వంటింటి దూలానికి చెదలు. బావి నీళ్లు ఉప్పు. వీధి తలుపు పడదు, పడితే తెరుచుకోదు."

ఈరన్న అన్నీ రాసి నిట్టూర్చాడు. "ఇలాంటి ఇంటికి నూట యాభై మీద సుంకమా! మీకే అన్యాయం కదండీ."

"అదే నేనూ అనేది! డెబ్భై రాయి."

ఈరన్న డెబ్భై అని రాశాడు. వీరమల్లప్ప చేవ్రాలు చేశాడు. కొలువంతా సాక్షి. రాజు ముచ్చటపడి తన చేత్తోనే ముద్ర వేశాడు.

ఈరన్న పత్రం ఎత్తి పట్టుకున్నాడు.

"వెల డెబ్భై. బయానాగా ముట్టింది ఎనభై. అయ్యా, శంకరమ్మకు పది వరహాలు వెనక్కిచ్చి, తాళంచెవి ఇప్పించండి."

"అదేమిటి! మా మాట మూడు వందలకు!"

"అలాగా? అయితే ప్రభువుల ఎదుటే సుంకం ఎగ్గొట్టారని కింద ఇంకో ముక్క రాయమంటారా?"

వీరమల్లప్ప రాజు వైపు చూశాడు. రాజు తన ముద్ర వైపు చూసుకున్నాడు. తాళంచెవి బయటికి వచ్చింది. పది వరహాలు రావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

అప్పుడు శంకరమ్మ నోరు విప్పింది.

"నువ్వు పుట్టిన రోజూ ఇంతే నాయనా. రానని పూటంతా మొండికేశావు. చివరికి నా చేతుల్లోకే వచ్చావు."

కొలువు గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి ఈరన్న మెడలో వేశాడు. కోట పనివాళ్లను శంకరమ్మ ఇంటికి పంపాడు. ఏమేం బాగుచేయాలో వాళ్లు ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. పత్రంలో వీరమల్లప్పే అన్నీ వరసగా రాయించాడు కదా!

పిల్లలూ, మీరూ ఎవరికైనా ఈ కథ చెప్పండి. తొందరలో ఏది వదిలేసినా, సంతకానికి ముందు శంకరమ్మ వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూసిందన్న సంగతి మాత్రం వదిలేయకండి.